ఆల్బియన్ టూర్జే న్యాయగ్రంథాలు, నవలలు – పరస్పర సంబంధం

ఉపోద్ఘాతం

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సాహిత్యంలో న్యాయవాద వృత్తి నుంచి వచ్చిన రచయితలు పలువురు ఉన్నారు. వారిలో ఎక్కువమందికి న్యాయవాదం జీవనోపాధి, రచన అభిరుచి. ఆల్బియన్ వైన్‌గర్ టూర్జే (1838–1905) విషయంలో ఈ విభజన కుదరదు. సివిల్ ప్రక్రియా స్మృతిని రూపొందించిన చేత్తోనే ఆయన నవలలు రాశాడు. న్యాయమూర్తిగా పనిచేసిన జిల్లాలోని సంఘటనలనే కథావస్తువుగా తీసుకున్నాడు. నవలలో ప్రయోగించిన కల్పనా పద్ధతిని తిరిగి అమెరికా సుప్రీంకోర్టు ముందు వాదనగా నిలిపాడు. అయినా ఆయన రచనల జాబితాల్లో న్యాయగ్రంథాలు ఒక వర్గంగా, నవలలు మరొక వర్గంగా కనిపిస్తాయి. న్యాయచరిత్రకారులు ఆయనను ఒక ఓడిపోయిన వ్యాజ్యంలో వాదించిన న్యాయవాదిగా గుర్తుంచుకున్నారు. సాహిత్య చరిత్రకారులు ఒక విజయవంతమైన నవల రచయితగా పేర్కొని ముందుకు సాగారు. ఈ రెండు వర్గాల రచనలనూ కలిపి చదివినప్పుడే ఆయన కృషి స్వరూపం బోధపడుతుందని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం. చట్టం నమోదు చేయలేకపోయిన అంశాలను నమోదు చేసే సాధనంగా టూర్జే నవలను ఎంచుకున్నాడు. ఆ నమోదును చట్టం చేత అంగీకరింపజేయాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. ఆ వైఫల్యం ఎలా జరిగిందన్నది ఇక్కడ ప్రధానంగా పరిశీలించవలసిన విషయం.

జీవిత నేపథ్యం

టూర్జే 1838 మే 2న ఒహాయో రాష్ట్రంలోని విలియమ్స్‌ఫీల్డ్‌లో జన్మించాడు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా అంతర్యుద్ధం ప్రారంభం కావడంతో ఉత్తరాది సైన్యంలో చేరాడు. 1861లో జరిగిన మొదటి బుల్ రన్ యుద్ధంలో వెన్నెముకకు తగిలిన గాయం ఆయనను జీవితాంతం బాధించింది. తరువాత మళ్ళీ సైన్యంలో చేరి, పట్టుబడి, కొంతకాలం యుద్ధఖైదీగా ఉన్నాడు. 1864లో ఒహాయోలో న్యాయవాదిగా నమోదయ్యాడు. 1865లో భార్య ఎమ్మాతో కలిసి నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోకు వలస వెళ్ళాడు.

యుద్ధానంతరం 1877 వరకు సాగిన కాలాన్ని అమెరికన్ చరిత్రలో పునర్నిర్మాణ యుగమని పిలుస్తారు. రాజ్యాంగానికి చేసిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 14వ సవరణ పౌరసత్వాన్నీ సమాన రక్షణనూ, 15వ సవరణ జాతిభేదం లేని ఓటుహక్కునూ ప్రకటించాయి. ఈ హక్కులను దక్షిణాది రాష్ట్రాల చట్టాలలోకి తెచ్చే పని స్థానికంగా జరగవలసి ఉంది. 1868లో నార్త్ కరోలినా రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికైన టూర్జే ఆ పనిలో ప్రముఖ పాత్ర వహించాడు. ఆ తరువాత 1874 వరకు సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా ఉన్నాడు.

న్యాయగ్రంథాలు: స్వరూపం, పరిమితి

నార్త్ కరోలినా శాసనాలను క్రోడీకరించడానికి నియమితులైన ముగ్గురు కమిషనర్లలో టూర్జే ఒకడు. ఈ కృషి ఫలితంగా 1868లో సివిల్ ప్రక్రియా స్మృతి వెలువడింది. న్యూయార్క్‌లో డేవిడ్ డడ్లీ ఫీల్డ్ 1848లో ప్రవేశపెట్టిన స్మృతి దీనికి మాతృక. సామాన్య న్యాయానికీ ధర్మన్యాయానికీ వేర్వేరుగా ఉన్న దావా పద్ధతులను తొలగించి ఒకే సివిల్ చర్యను ఏర్పరచడం, వాదప్రతివాదాలను సులభమైన భాషలో వాస్తవాల కథనంగా దాఖలు చేయనివ్వడం దాని ముఖ్య లక్షణాలు. ప్రాచీన దావా రూపాల చిక్కులు తెలిసినవాడికే న్యాయస్థానం అందుబాటులో ఉండే స్థితిని ఇది మార్చింది. 1878లో టూర్జే ఈ స్మృతిని వ్యాఖ్యలతోనూ తీర్పుల సూచనలతోనూ ప్రచురించాడు. 1879లో రాష్ట్ర న్యాయనివేదికల్లో ఉదహరించిన వ్యాజ్యాల సారసంగ్రహాన్ని వెలువరించాడు.

ఈ రెండో రకం గ్రంథాల స్వభావాన్ని గమనించాలి. సారసంగ్రహంలో ఒక వ్యాజ్యం ఒక సూత్రంగా కుదించుకుపోతుంది. వాది ఎవరు, ఎందుకు వచ్చాడు, తీర్పు తరువాత అతనికేమైంది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. అది న్యాయశాస్త్రానికి అవసరమైన కుదింపు. అయితే సారసంగ్రహం వెలువడిన 1879లోనే ఆయన పేరు తెచ్చిన నవల కూడా వెలువడడం గమనార్హం. ఒకదానిలో మనుషులను తొలగించి సూత్రాన్ని మిగిల్చిన రచయిత, మరొకదానిలో సూత్రం మనుషుల మధ్య ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పాడు.

'ఎ ఫూల్స్ ఎరాండ్': న్యాయస్థానానికి అందని సాక్ష్యం

టూర్జే తొలి నవల 'టువానెట్' 1874లో హెన్రీ చర్టన్ అనే కలంపేరుతో వచ్చింది. 1879లో రచయిత పేరు లేకుండా, వెర్రివాళ్ళలో ఒకడు రాసినట్టుగా ముఖపత్రం మీద ప్రకటించుకుని 'ఎ ఫూల్స్ ఎరాండ్' వెలువడింది. శీర్షికకు వెర్రివాడి వృథాప్రయాస అని అర్థం. లక్షకు మించి ప్రతులు అమ్ముడైన ఈ నవల నాయకుడు కంఫర్ట్ సర్వోస్. ఇతడు ఉత్తరాది సైన్యంలో కర్నలుగా పనిచేసి, యుద్ధానంతరం దక్షిణాదిలో తోట కొనుక్కుని స్థిరపడతాడు. చట్టాలు మారితే సమాజం మారుతుందన్న అతని విశ్వాసం కూలిపోవడమే ఇతివృత్తం.

నవలలోని ప్రధాన ఘట్టానికి చారిత్రక మూలం ఉంది. 1870 మే 21న నార్త్ కరోలినా శాసనసభ్యుడు జాన్ డబ్ల్యూ. స్టీఫెన్స్‌ను యాన్సీవిల్‌లోని న్యాయస్థాన భవనంలోనే కు క్లక్స్ క్లాన్ సభ్యులు హతమార్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో గ్రాహం పట్టణంలో నల్లజాతి నాయకుడు వ్యాట్ ఔట్‌లాను న్యాయస్థానం సమీపంలోని చెట్టుకు ఉరితీశారు. టూర్జే పరిధిలోని న్యాయస్థానంలో క్లాన్ సభ్యులపై అభియోగాలు నమోదైనా, రాష్ట్ర శాసనసభ క్షమాభిక్ష చట్టం చేయడంతో విచారణ నిలిచిపోయింది. అంటే న్యాయమూర్తి చేతిలో నేరం ఉంది, నేరస్థుల గురించిన సమాచారం ఉంది, విచారించే అధికారం మాత్రం మిగలలేదు.

నవలలో స్టీఫెన్స్ హత్య జాన్ వాల్టర్స్ హత్యగా మారింది. దాని వివరాలను ప్రార్థన సమావేశంలో బహిరంగంగా పలికిన అంకుల్ జెర్రీ అనే వృద్ధుణ్ణి క్లాన్ ఉరితీస్తుంది. సాక్ష్యం చెప్పగలవాడికి న్యాయస్థానంలో చోటు లేదు, చోటు దొరికిన ప్రార్థనాస్థలంలో అది ప్రాణాంతకమైంది. నిజజీవితంలో స్టీఫెన్స్ హత్యలో పాల్గొన్నవారిలో ఒకడైన జాన్ జి. లీ 1919లో ఇచ్చిన లిఖిత వాంగ్మూలం, అతని మరణానంతరం 1935లో బయటపడింది. న్యాయస్థానం రికార్డులోకి ఎక్కని ఘటనను నవల యాభై ఆరేళ్ళు మోసిందన్నమాట.

నవలకు వచ్చిన విమర్శల్లో అతిశయోక్తి ఆరోపణ ముఖ్యమైనది. దీనికి టూర్జే ఇచ్చిన సమాధానం ఒక న్యాయవాది ఇచ్చే సమాధానం. 1880లో 'ది ఇన్విజిబుల్ ఎంపైర్' అనే భాగాన్ని నవలకు జతచేసి, క్లాన్ అత్యాచారాలపై అమెరికా కాంగ్రెస్ సంఘం సేకరించిన సాక్ష్యాలను అందులో క్రోడీకరించాడు. కథకు ఆధారపత్రాల అనుబంధాన్ని చేర్చే ఈ పద్ధతికి హారియట్ బీచర్ స్టో తన నవలకు 1853లో వెలువరించిన 'కీ' గ్రంథం పూర్వోదాహరణ. అయితే ఆధారాలను తూచే వృత్తిలో ఉన్నవాడు ఈ పని చేయడం వల్ల దానికి వేరొక బరువు వచ్చింది.

'బ్రిక్స్ వితౌట్ స్ట్రా': పేరు, హక్కు, అధికారం

1880లో వచ్చిన 'బ్రిక్స్ వితౌట్ స్ట్రా' శీర్షిక బైబిలు నిర్గమకాండం నుంచి గ్రహించినది. గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చేయమని ఫరో ఇశ్రాయేలీయులను ఆజ్ఞాపించిన కథ అది. సాధనాలు ఇవ్వకుండా హక్కులు మాత్రమే ఇచ్చిన పునర్నిర్మాణ విధానానికి ఇది ప్రతీక.

కథానాయకుడు నింబస్ విముక్తుడైన బానిస. బానిసకు ఇంటిపేరు లేదు, వివాహానికి చట్టంలో విలువ లేదు. నార్త్ కరోలినాలో 1866 నాటి చట్టం బానిసకాలపు దాంపత్యాలను నమోదు చేసుకోమన్నది. నవలలో నమోదుకు వెళ్ళిన నింబస్‌కు పాత యజమాని ఇంటిపేరైన డెస్మిట్‌ను తగిలిస్తారు. సైన్యంలో అతని పేరు జార్జ్ నింబస్. తనకు తాను అతడు నింబస్ మాత్రమే. ప్రభుత్వ పత్రంలో ఒక గడిని నింపడానికి వేసిన పేరు స్వేచ్ఛ పొందిన మనిషి మీద పాత యాజమాన్యాన్ని తిరిగి ముద్రిస్తుంది. స్మృతులను తయారుచేసిన వ్యక్తి మాత్రమే గుర్తించగలిగిన సూక్ష్మమిది. పత్రం తటస్థమైనదేనని క్రోడీకర్తకు తెలుసు. ఆ తటస్థత ఎవరి మీద ఎలా పడుతుందో నవలాకారుడు చూశాడు.

ఈ నవలలో విముక్తుల హక్కు సూత్రంలో ఉండి ఆచరణలో లేదని చెబుతూ, చట్టం ఇంకా గతం కలిగించిన వర్ణాంధత్వంలో ఉందన్న భావాన్ని టూర్జే వ్యక్తం చేశాడు. ఇక్కడ వర్ణాంధత్వం ఒక లోపం. ఎదుట ఉన్న అన్యాయాన్ని గుర్తించలేని చూపు. 1896లో ఇదే రూపకాన్ని ఆయన ఆదర్శంగా వాడాడు. ఈ మార్పును ఆయన అభిప్రాయాల వైరుధ్యంగా భావించనవసరం లేదు. హక్కులు పంచేటప్పుడు చట్టం రంగును చూడకూడదు, హక్కులకు భంగం కలిగినప్పుడు దాన్ని చూడకుండా ఉండకూడదు అన్న రెండు అవసరాలూ ఆ రూపకంలో కలిసి ఉన్నాయి.

శిల్పపరంగా ఈ నవలకు లోపాలున్నాయి. ఉపన్యాసధోరణి కథాగమనాన్ని అడ్డుకుంటుంది. ఉత్తరభాగంలో నింబస్, అతని మిత్రుడు ఎలియాబ్ హిల్ వెనక్కి తగ్గి, ఉపాధ్యాయిని మోలీ ఎయిన్స్‌లీ, హెస్డెన్ లెమోయిన్‌ల ప్రణయం ముందుకు వస్తుంది. నల్లజాతివారి కథ శ్వేతజాతీయుల ప్రేమకథగా ముగియడం ఆనాటి పాఠకలోకంతో రచయిత చేసుకున్న రాజీ అనిపిస్తుంది.

నవల నుంచి వాదనపత్రానికి

1884 నాటి 'యాన్ అప్పీల్ టు సీజర్'లో జనగణన లెక్కల ఆధారంగా జాతీయ విద్యాసహాయం కోసం టూర్జే వాదించాడు. 1889లో 'విత్ గేజ్ అండ్ స్వాలో, అటార్నీస్' పేరుతో న్యాయవాదుల కార్యాలయం చుట్టూ అల్లిన కథలను ప్రచురించాడు. ప్రస్తుత చర్చకు అత్యంత కీలకమైనది 1890 నాటి 'పాక్టోలస్ ప్రైమ్'. వాషింగ్టన్ హోటల్లో బూట్లు తుడిచే వృద్ధుడు తన దగ్గరకు వచ్చే పెద్దమనుషులతో జరిపే సంభాషణలే ఇందులో అధికభాగం. నల్లరంగు మనిషికి ఎంత నష్టం తెస్తుందో, తెలుపు ఎంత లాభం తెస్తుందో అతడు లెక్కగట్టి చెబుతాడు. శ్వేతజాతి యువతిగా పెరిగిన ఈవా తన కుమార్తె అన్న రహస్యం అతని గుండెలో ఉంటుంది. తెల్లవారిగా పరిగణన పొందడం ఒక ఆస్తి అన్న భావన ఇక్కడ కథగా రూపుదిద్దుకుంది.

ఆరేళ్ళ తరువాత అదే భావన సుప్రీంకోర్టుకు చేరింది. లూసియానా 1890లో రైళ్ళలో జాతులవారీగా వేర్వేరు పెట్టెలను తప్పనిసరి చేసింది. న్యూ ఆర్లియన్స్ పౌరసంఘం ఈ చట్టాన్ని సవాలు చేయదలచగా, ఎనిమిదింట ఒక వంతు ఆఫ్రికన్ వంశమున్న హోమర్ ప్లెసీ 1892 జూన్ 7న తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. టూర్జే పారితోషికం తీసుకోకుండా వ్యాజ్యాన్ని స్వీకరించాడు. ఆయన వాదనపత్రంలో మూడు అంశాలు ముఖ్యమైనవి. తెల్లవాడన్న ఖ్యాతి ఆస్తి కాబట్టి రైలు కండక్టరు నిర్ణయంతో, చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా దాన్ని లాక్కోరాదన్నది మొదటిది. పిల్లలను చూసుకునే దాదులకు చట్టం మినహాయింపు ఇచ్చింది కాబట్టి దాని లక్ష్యం ప్రయాణికుల సౌకర్యం కాదనీ, సేవకురాలిగా ఉన్నంతవరకు నల్లజాతి స్త్రీ సాన్నిధ్యం ఎవరికీ అభ్యంతరం కాదనీ చూపడం రెండోది. మూడోది పూర్తిగా నవలాకారుడిది. న్యాయమూర్తులందరూ ఒక ఉదయం నల్లని చర్మంతో, ఉంగరాల జుట్టుతో మేల్కొని, రైల్లో వేరే పెట్టెకు వెళ్ళమన్న ఆజ్ఞను ఎదుర్కొన్నట్టు ఊహించుకోమన్నాడు. పాఠకుణ్ణి పాత్ర స్థానంలో నిలపడం నవల చేసే పని. టూర్జే ఆ పనిని అత్యున్నత న్యాయపీఠం చేత చేయించాలని చూశాడు.

1896 మే 18న న్యాయస్థానం 7–1 ఆధిక్యంతో ప్లెసీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వేరు చేయడంలో హీనత్వముద్ర ఉందనుకోవడం నల్లజాతివారు స్వయంగా చేసుకున్న అన్వయమేనని జస్టిస్ హెన్రీ బిల్లింగ్స్ బ్రౌన్ రాశాడు. ప్లెసీ తెల్లవాడైతే నష్టపరిహారం కోరవచ్చు, నల్లవాడైతే ఆ ఖ్యాతికి అతనికి హక్కే లేదు కనుక కోల్పోయిందేమీ లేదు అన్నది ఆస్తివాదనకు సమాధానం. అంటే ఊహించమన్న కోరికను తీర్పు తిరస్కరించింది. అనుభవించే మనిషి వైపు నుంచి చూడవలసిన అవమానాన్ని ఆ మనిషి మనోవికారంగా తేల్చింది. ఏకైక అసమ్మతి తీర్పులో జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ రాజ్యాంగం వర్ణాంధమైనదని ప్రకటించాడు. వాదనపత్రంలోని రూపకం ఆ విధంగా చరిత్రలో నిలిచింది, అయితే హార్లన్ పేరుతో.

టూర్జే ఆస్తివాదనలో ఒక చిక్కు ఉంది. తెల్లవాడన్న ఖ్యాతిని కోల్పోవడం నష్టమని చెప్పినప్పుడు ఆ ఖ్యాతి విలువను ముందే అంగీకరించినట్టవుతుంది. రూపంలో తెల్లవారిగా కనిపించని అత్యధికులకు ఆ వాదన రక్షణ ఇవ్వదు. అయితే 'పాక్టోలస్ ప్రైమ్'తో కలిపి చదివితే, ఆ విలువను సమర్థించడం కాక, దాన్ని బయటపెట్టడమే ఆయన ఉద్దేశమని స్పష్టమవుతుంది. 1993లో షెరిల్ హారిస్ 'వైట్‌నెస్ యాజ్ ప్రాపర్టీ' అనే ప్రసిద్ధ న్యాయవ్యాసంలో తెల్లదనాన్ని ఆస్తిగా విశ్లేషించినప్పుడు ప్లెసీ వ్యాజ్యం మళ్ళీ చర్చకు వచ్చింది.

ముగింపు

టూర్జే 1897లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో అమెరికన్ కాన్సల్‌గా నియమితుడై, 1905 మే 21న అక్కడే మరణించాడు. ప్లెసీ తీర్పు పాఠశాలల విషయంలో 1954లో బ్రౌన్ వ్యాజ్యంతో తొలగిపోయింది. స్మృతి, సారసంగ్రహం, నవల, వాదనపత్రం అనే నాలుగు రచనారూపాల్లో టూర్జే ఒకే ప్రశ్నను కొనసాగించాడని పై పరిశీలన తెలుపుతుంది. హక్కు రాసి ఉన్న చోటికీ మనిషి నిలబడి ఉన్న చోటికీ మధ్య దూరాన్ని ఎవరు నమోదు చేయాలి అన్నదే ఆ ప్రశ్న. ఆయన నవలల్లోని ఉపన్యాసధోరణి శిల్పలోపమే. కానీ విచారణకు అవకాశం మూసుకుపోయిన న్యాయమూర్తి మరో వేదికపై సాక్ష్యాన్ని వినిపించడంగా దాన్ని గ్రహిస్తే, ఆ లోపానికి కారణం తెలుస్తుంది. న్యాయగ్రంథాలను పక్కన పెట్టి ఈ నవలల విలువ కట్టడం, నవలలను పక్కన పెట్టి ప్లెసీ వాదనపత్రాన్ని అంచనా వేయడం రెండూ అసంపూర్ణ పఠనాలే. సుప్రీంకోర్టు వాదనపత్రంలోని మూడో అంశానికి మూలం న్యాయనివేదికల్లో కాక, ఆయన నవలల్లో ఉంది.