పదేళ్లు ఆగిన మాట: ఓపెన్‌ఆఫీస్ సింహావలోకనం

2000 జూలై 19న సన్ మైక్రోసిస్టమ్స్ ఒక ప్రకటన చేసింది. అంతకు ఏడాది కిందట తాను కొనుక్కున్న స్టార్‌ఆఫీస్ సోర్స్ కోడ్‌ను లోకానికి ఇచ్చేస్తానంది. దాని ఆలనాపాలనా చూడడానికి ఏ కంపెనీకీ లోబడని ఒక ఫౌండేషన్ పెడతామని కూడా అంది. మొదటి మాట మూడు నెలల్లో నిలబెట్టుకుంది. అక్టోబర్ 13న ఓపెన్‌ఆఫీస్ పేరుతో కోడ్ బయటికొచ్చింది. రెండో మాట మాత్రం సన్ బతికి ఉన్నన్నాళ్లూ నెరవేరలేదు. ఓపెన్‌ఆఫీస్ పుట్టడం, ఎదగడం, 2011లో ఆగిపోవడం, ఆ తర్వాత దాని పేరు ఒకచోట, ప్రాణం మరోచోట మిగలడం అన్నీ వరసగా గుర్తు చేసుకుంటే, కథంతా ఆ రెండో మాట చుట్టూనే తిరిగిందని నాకు అనిపిస్తుంది.

మూలం ఇంకా వెనక ఉంది. 1985లో ఉత్తర జర్మనీలోని లూనెబుర్గ్ పట్టణంలో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. స్టార్‌రైటర్ అనే రాత ప్రోగ్రామ్ దాని మొదటి సరుకు. అది నడిచింది జెడ్80 ప్రాసెసర్ ఉన్న చిన్న ఇంటి కంప్యూటర్ల మీద. తర్వాత లెక్కల పట్టీలు, బొమ్మలు, ప్రదర్శనలు ఒక్కొక్కటే చేరి స్టార్‌ఆఫీస్ అయింది. కంపెనీ హాంబుర్గ్‌కు మారింది. డాస్, ఓఎస్/2, విండోస్, లినక్స్... ఏ యంత్రం వస్తే దాని మీదికి స్టార్‌ఆఫీస్ ఎక్కింది. ఆ అలవాటే తర్వాత దానికి కలిసొచ్చింది.

1999 ఆగస్టులో సన్ ఈ కంపెనీని 7.35 కోట్ల డాలర్లకు కొంది. ఎందుకు కొన్నారో సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ తర్వాత చెప్పిన లెక్క చాలామంది విన్నదే. అప్పట్లో సన్‌లో సుమారు 42 వేల మంది ఉద్యోగులు. వాళ్ల బల్లల మీద ఉండేవి సన్ సొంత సొలారిస్ యంత్రాలు. వాటి మీద మైక్రోసాఫ్ట్ ఆఫీస్ నడవదు. అందరికీ రెండో కంప్యూటరూ లైసెన్సులూ కొనే ఖర్చు కంటే, ఆఫీసు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీని ఏకంగా కొనేయడమే చవక. కోట్ల మంది చేతికి ఉచితంగా అందిన పనిముట్టు ఒక కంపెనీ ఇంటి ఖర్చు లెక్కల్లోంచి పుట్టింది. దాని గౌరవం దీనివల్ల ఏమీ తగ్గదు.

ఇచ్చేశారన్న మాటే గానీ, అందుకున్నవాళ్లకు అది కొండంత బరువు. దాదాపు 75 లక్షల పంక్తుల కోడ్. అది ఏం చేస్తుందో వివరిస్తూ ప్రోగ్రామర్లు పక్కన రాసుకున్న వ్యాఖ్యలు చాలాచోట్ల జర్మన్‌లో ఉన్నాయి. ఒక్కసారి మొత్తం కంపైల్ చేయాలంటే గంటల పని. లినక్స్ కెర్నల్‌కు చిన్న దిద్దుబాటు పంపినంత తేలిగ్గా ఇక్కడ బయటివాళ్లు చెయ్యి వేయలేకపోయారు. దాంతో అసలు పని చేసేవాళ్లు హాంబుర్గ్‌లోని సన్ జీతగాళ్లే అయ్యారు. అనువాదాలు, పరీక్షలు, ప్రచారం, సహాయ పుస్తకాల వంటి పనులే బయట స్వచ్ఛందంగా సాగాయి. ఈ తేడాను తొలి ఏళ్లలోనే సరిచేసి ఉండాల్సింది.

పేరుకూ ఒక చిక్కు వచ్చింది. ఓపెన్‌ఆఫీస్ అన్న పేరు మీద అప్పటికే వేరేవాళ్లకు హక్కులున్నాయి. అందుకే అధికారికంగా ‘ఓపెన్‌ఆఫీస్ డాట్ ఆర్గ్’ అని పెట్టారు. బ్రెజిల్‌లో అదీ కుదరక ‘బ్ర్‌ఆఫీస్’ అన్నారు. జనం మాత్రం అంతటా ఓపెన్‌ఆఫీస్ అనే పిలిచారు. నేనూ అలాగే అంటున్నాను.

2002 మే 1న 1.0 వచ్చింది. రైటర్, క్యాల్క్, ఇంప్రెస్, డ్రా, మ్యాథ్ అందులో ఉన్నాయి. 2005 అక్టోబర్‌లో వచ్చిన 2.0తో డేటాబేస్ పని చేసే బేస్ కూడా జతపడింది. పైసా ఖర్చు లేకుండా, దొంగ కాపీ అనే భయం లేకుండా ఇంట్లో ఒక పూర్తి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉండడం అంటే ఏమిటో, కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోంచి దాన్ని ఎక్కించుకున్న మా తరానికి తెలుసు. డౌన్‌లోడ్ చేయాలంటే టెలిఫోన్ కనెక్షన్ మీద రాత్రంతా పట్టే రోజులవి.

ఓపెన్‌ఆఫీస్ లోకానికి చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఉచితంగా దొరకడం కాదని నా నమ్మకం. ఆ మేలు ఫైల్ ఫార్మాట్. అంతవరకు ఒక పత్రం లోపల ఏముందో దాన్ని చేసిన ప్రోగ్రామ్‌కే పూర్తిగా తెలిసేది. కంపెనీ మూతపడితే, కొత్త వెర్షన్ పాత ఫైలును చదవనంటే, మన రాత మన దగ్గరే ఉండి కూడా మనకు అందదు. ఓపెన్‌ఆఫీస్ వాడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిని ఆధారం చేసుకుని ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థలో ఓపెన్‌డాక్యుమెంట్ తయారైంది. 2005 మేలో దానికి ఆమోదం వచ్చింది, 2006లో ఐఎస్‌ఓ ప్రమాణంగా నిలిచింది. ఈ పద్ధతిలో రైటర్ దాచే ఓడీటీ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పొడిగింపు మార్చి మూట విప్పితే లోపల ‘కంటెంట్’ అనే ఫైల్లో రాసిన మాటలు, ‘స్టైల్స్’ అనే ఫైల్లో వాటి అలంకారం విడివిడిగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు రాస్తే, ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లేకపోయినా మామూలు నోట్‌ప్యాడ్‌లో ఆ తెలుగు చదువుకోవచ్చు. ఈ ప్రయోగం నేను ఎంతోమందికి చేసి చూపించాను.

2005 సెప్టెంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ప్రభుత్వ పత్రాలకు ఓపెన్‌డాక్యుమెంట్‌ను ఎంచుకోవడంతో గొడవ మొదలైంది. ఒత్తిళ్ల నడుమ ఆ రాష్ట్ర సమాచార విభాగాధిపతి పీటర్ క్విన్ పదవి వదులుకున్నారు. మైక్రోసాఫ్ట్ తన ఓఓఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్‌ను ప్రమాణంగా గుర్తించమని ముందుకొచ్చింది. 2007లోనూ 2008లోనూ ఐఎస్‌ఓలో ఓటింగు జరిగితే, భారతీయ ప్రమాణాల బ్యూరో రెండుసార్లూ వ్యతిరేకంగా ఓటేసింది. ఓఓఎక్స్‌ఎమ్‌ఎల్ చివరికి నెగ్గింది. అయితే 2009లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా ఓపెన్‌డాక్యుమెంట్ ఫైళ్లను తెరవడం, దాచడం మొదలుపెట్టింది. పోటీ లేకపోతే ఆ తలుపు తెరుచుకునేదే కాదు.

తెలుగు విషయానికి వస్తే, ఓపెన్‌ఆఫీస్ అక్షరాలను మూడు వర్గాలుగా చూసేది: పాశ్చాత్య లిపులు, తూర్పు ఆసియా లిపులు, సంక్లిష్ట లిపులు. అరబిక్, హిందీ, థాయ్‌లతో పాటు తెలుగు మూడో వర్గంలోకి వస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ వర్గాన్ని టిక్ పెట్టి తెరిస్తే తప్ప, తెలుగు ఫాంటూ సైజూ చెప్పినట్టు వినేవి కావు. ఈ సంగతి తెలియక ‘ఇందులో తెలుగు రాదు’ అని వదిలేసినవాళ్లు చాలామంది. తెలిసినవాళ్లు పోతన ఫాంటు పెట్టుకుని పుస్తకాలే రాశారు. 2000ల నడుమ కేంద్ర ప్రభుత్వం పంచిన తెలుగు ఉపకరణాల సీడీలో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ మలిచిన భారతీయ ఓపెన్‌ఆఫీస్ ఉంది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు, వాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ విద్యార్థులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగులోకి తెచ్చే పనిలో సెలవు రోజులు ఖర్చుపెట్టారు. ‘ఫైల్’ను ‘దస్త్రం’ అనాలా, ‘ఫైలు’ అనే ఉంచాలా అని గంటలకొద్దీ వాదించుకున్న తరం అది. ఒక వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో ఆ వాదన చేసే హక్కు వాళ్లకు ఎవరిస్తారు?

2008 అక్టోబర్ 13న, సరిగ్గా ఎనిమిదో పుట్టినరోజున, 3.0 వచ్చింది. ఏడాది తిరిగేసరికి దాని డౌన్‌లోడ్‌లు పది కోట్లకు చేరాయి. ఫ్రాన్స్ జాన్‌డార్మరీ పోలీసులు, మ్యూనిక్ నగరపాలక సంస్థ, మన దగ్గర కేరళ బడులు అప్పట్లో ఓపెన్‌ఆఫీస్ వాడేవి. బయటికి ఇదే వైభవకాలం.

లోపల మాత్రం ఒక జబ్బు ముదురుతోంది. ఓపెన్‌ఆఫీస్‌కు ఎవరైనా కోడ్ రాసిస్తే, దాని కాపీరైట్‌లో సన్‌కు భాగమిస్తూ సంతకం పెట్టాలి. సన్ అదే కోడ్‌తో స్టార్‌ఆఫీస్‌ను అమ్ముకోవచ్చు, ఇంకో లైసెన్స్ కిందికి మార్చుకోవచ్చు. ఈ షరతు నచ్చనివాళ్లు, తమ దిద్దుబాట్లు నెలల తరబడి హాంబుర్గ్‌లో పడి ఉండడం చూసి విసిగినవాళ్లు పక్కదారి పట్టారు. నోవెల్ కంపెనీలో మైకేల్ మీక్స్ బృందం ‘గో-ఓఓ’ పేరుతో తమ దిద్దుబాట్లన్నీ కలిపిన రూపం విడుదల చేసేది. లినక్స్ పంపిణీలు చాలావరకు ఇచ్చింది ఆ రూపమే. కుటుంబం విడిపోవడానికి ముందే వంటలు వేరయ్యాయన్నమాట. ఫౌండేషన్ ఉండి ఉంటే ఈ తగాదా ఒక సమావేశంలో తేలిపోయేది. సన్ తన చేతిలోని పగ్గం వదలలేకపోయింది. దాని మంచితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ తప్పు దానిదే.

2010 జనవరి 27న సన్ మొత్తం ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఆ ఆగస్టులోనే సొలారిస్ బహిరంగ రూపమైన ఓపెన్‌సొలారిస్ అభివృద్ధి తలుపులు మూసుకున్నాయి, జావా విషయంలో గూగుల్ మీద దావా పడింది. ఓపెన్‌ఆఫీస్ వాళ్లకు గాలివాటం అర్థమైంది. సెప్టెంబర్ 28న ముఖ్యులు చాలామంది కలిసి డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించారు. పదేళ్ల కిందటి వాగ్దానాన్నే నెరవేరుస్తున్నామని చెప్పారు. పేరును విరాళంగా ఇవ్వమని, సభ్యత్వం తీసుకోమని ఒరాకిల్‌ను అడిగారు. ఆ జవాబు వచ్చేదాకా వాడుకోవడానికని లిబ్రెఆఫీస్ అనే పేరు పెట్టుకున్నారు. జవాబు అక్టోబర్‌లో వచ్చింది: కొత్త ఫౌండేషన్‌లో చేరినవాళ్లు ఓపెన్‌ఆఫీస్ ప్రాజెక్టును నడిపించే మండలిలోంచి తప్పుకోండి అని. తాత్కాలికం అనుకున్న పేరే శాశ్వతమైంది.

2011 జనవరి 25న ఓపెన్‌ఆఫీస్ 3.3, లిబ్రెఆఫీస్ 3.3 రెండూ ఒకే రోజు వచ్చాయి. ఓపెన్‌ఆఫీస్ డాట్ ఆర్గ్ పేరుతో వచ్చిన చివరి స్థిర విడుదల అదే. ఏప్రిల్ 15న ఒరాకిల్ తన వ్యాపార రూపాన్ని ఆపేస్తున్నానంది. జూన్ 1న కోడునూ పేరునూ అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. అపాచీ మచ్చలేని సంస్థ, కంపెనీల పెత్తనం లేనిది. అయితే బయటివాళ్లు తమకంటూ ఒక ఇల్లు కట్టుకున్న ఎనిమిది నెలలకు, తాళంచెవులు ఇంకో వీధిలో అప్పగించినట్టయింది. లైసెన్సుల తేడా మరీ పీటముడి వేసింది. అపాచీలో రాసింది లిబ్రెఆఫీస్ తీసుకోవచ్చు, లిబ్రెఆఫీస్‌లో రాసింది అపాచీ తన లైసెన్స్ కింద తీసుకోలేదు. మెరుగులు ఒకవైపే ప్రవహించాయి.

ఐబీఎం అండతో అపాచీ ఓపెన్‌ఆఫీస్ 2012లో 3.4, 2013లో 4.0, 2014 ఏప్రిల్‌లో 4.1 ఇచ్చింది. ఆ తర్వాత చేతులు తగ్గిపోయాయి. 4.1కే చిన్న చిన్న అతుకులు వేస్తూ వచ్చారు. భద్రతా లోపాలు దిద్దడానికి నెలలు పట్టింది. 2016 సెప్టెంబర్‌లో ప్రాజెక్టు అధిపతిగా ఉన్న డెన్నిస్ హామిల్టన్ మూసివేత సంగతి కూడా ఆలోచించాలని చర్చకు పెట్టారు. మూయలేదు. 2020 అక్టోబర్‌లో, ఇరవయ్యో పుట్టినరోజు సందర్భంగా, వాడుకదారులకు కనీసం లిబ్రెఆఫీస్ ఒకటుందని చెప్పండి అని డాక్యుమెంట్ ఫౌండేషన్ బహిరంగ లేఖ రాసింది. ఆ లేఖలోని ఆవేదన నాది కూడా. పాత పేరు విని, అదే మంచిదనుకుని దించుకునే కొత్తవాళ్లకు ఆగిపోయినంత పనైన కోడ్ అందడం నాకు బాధగా ఉంటుంది.

కొత్త ఇంటి సంగతి వేరు. జర్మనీలో ఫౌండేషన్‌గా నమోదు కావడానికి 50,000 యూరోల మూలధనం కావాలి. 2011 ఫిబ్రవరిలో చందాలు అడిగితే ఎనిమిది రోజుల్లో ఆ మొత్తం వచ్చింది. మరుసటి ఏడాది బెర్లిన్‌లో నమోదైంది. కోడ్‌లోని జర్మన్ వ్యాఖ్యలను స్వచ్ఛంద కార్యకర్తలు ఓపిగ్గా ఇంగ్లీషులోకి మార్చారు. కొత్తగా వచ్చే ప్రోగ్రామర్ తొలిరోజే బెదిరిపోకుండా ఉండడానికి ఆ చాకిరీ అంతా. 2017లో వచ్చిన 5.3 నుంచి అక్షరాలు పేర్చే పని అన్ని యంత్రాల మీదా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజను చూసుకుంటోంది. విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా ఒత్తులు పడే తెలుగు బాధ దాంతో చాలావరకు తీరింది.

2006లో ఓపెన్‌ఆఫీస్ 2.0లో మా ప్రాంతపు సేద్యపు పనిముట్ల పేర్లు ఒక జాబితాగా రాసుకున్నాను. గొర్రు, గుంటక, పాపటం, కాడిమాను, మేడి అంటూ నాలుగు పేజీలు. అంతకుముందు యూనికోడ్ కాని ఒక డీటీపీ ఫాంటులో కొట్టించిన నా వ్యాసాలు ఇప్పుడు తెరిస్తే గీతలూ చుక్కలూ తప్ప అక్షరం కనబడదు. ఈ జాబితాను మొన్న లిబ్రెఆఫీస్‌లో తెరిచాను. నాలుగు పేజీలూ ఉన్నాయి. పాపటం దగ్గర ఎప్పుడో నేనే పెట్టుకున్న ప్రశ్నార్థకం కూడా అలాగే ఉంది.