ఒక్క ఓటు

1954లో ఖరగ్‌పూర్ రైల్వే వర్కుషాపులో షిఫ్టు దిగిన సిక్కోలు మనిషి ఖరిదా దారిలో గ్లాసుడు సారా పోసుకుని ఇంటికి పోతే అది వాడి సొంత వ్యవహారం. పెళ్ళాం తిడుతుంది, అంతే. అదే మనిషి సెలవు పెట్టి మద్రాసు మెయిలెక్కి, ఇచ్ఛాపురం దాటి సొంతూళ్ళో దిగి, తాటిచెట్టు కింద లొట్టెడు కల్లు తాగితే నేరస్థుడు. ఇక్కడ 1909 నాటి బెంగాల్ ఆబ్కారీ చట్టం. డబ్బు కట్టి లైసెన్సు తీసుకుంటే దుకాణం పెట్టుకోవచ్చు. అక్కడ 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం. ఎంత డబ్బు కట్టినా అడిగేందుకు లైసెన్సే లేదు.

లేని ఆ కాగితం కోసం జరిగిన రగడలోనే తెలుగువాళ్ళ మొదటి ప్రభుత్వం కూలిపోయింది. కూలినవాడు టంగుటూరి ప్రకాశం. ఖరిదాలో స్థిరపడిన మా పెద్దవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలుసు, పతనం వెనక ఉన్న తాటిచెట్టు సంగతి తెలియదు. తెలియకపోవడంలో వింత లేదు. కల్లు మీద నిషేధం వాళ్ళకు సెలవుల్లో తగిలే ఇబ్బంది మాత్రమే.

ఖరగ్‌పూర్‌కు ఈ కథతో ఇంకో చుట్టరికం ఉంది. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు ఇక్కడ సమ్మె కట్టినప్పుడు ముందు నిలబడ్డవాళ్ళలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. ఆ గిరే 1937లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. నిషేధానికి పునాది పడింది ఆ మంత్రివర్గం చేతిలోనే. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టారు. మరుసటేడు చిత్తూరు, కడప. ఆ పైయేడు ఉత్తర ఆర్కాటు. ఆబ్కారీ రాబడి పోయిన గుంట పూడ్చడానికి రాజాజీ 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. తాగేవాడు కట్టే డబ్బు తాగనివాడి నెత్తికి ఎక్కిందన్న మాట. నిషేధం ఎన్నిసార్లు వచ్చిపోయినా, ఆ పన్ను మాత్రం ఉండిపోయింది.

యుద్ధకాలంలో సడలిన నిషేధం 1946లో తిరిగి మొదలైంది. అప్పుడు మద్రాసు ప్రధాని ప్రకాశం. ఆయన మంత్రివర్గంలోనూ గిరి ఉన్నారు. గాంధీ మాట కాబట్టి, కాంగ్రెసు ప్రతిజ్ఞ కాబట్టి, ప్రకాశం వెనకాడలేదు. ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్ళు ఆయన్ను దించేశారు. ఆయన దిగిపోయాక కూడా నిషేధం సాగుతూనే వచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా పరుచుకుంది.

ప్రకాశం ఎటువంటివాడో ఒక్కసారి తలుచుకోవాలి. మద్రాసులో వేలు గడించిన బారిస్టరు. ఆ గడించినదంతా 1921లో పెట్టిన ‘స్వరాజ్య’ పత్రికలో పోసి ఊడ్చుకుపోయాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చిన నాడు మద్రాసు వీధిలో పోలీసు తుపాకీ ముందు రొమ్ము చూపించాడు. డబ్బు, పదవి, ప్రాణం ఏది చూపించి బెదిరించినా బెదరనివాడు. అలాంటివాణ్ణి ఓడించాలంటే మామూలు ఆయుధాలు చాలవు. ఆయన మంచితనమే ఆయనకు అడ్డం తిరగాలి. 1954లో జరిగింది అదేనని నా లెక్క.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఎనభై ఒక్కేళ్ళ ప్రకాశం ముఖ్యమంత్రి. ఏడాది తిరిగేలోపే తిరుపతిలో విశ్వవిద్యాలయం పుట్టింది, గుంటూరులో హైకోర్టు కూర్చుంది, 1952లో తెగిన కృష్ణా ఆనకట్ట చోట కొత్త బ్యారేజీకి పని మొదలైంది. గుడారాల్లో కూర్చున్న ఖజానాకు మాత్రం పైసా ఊరడం లేదు. ఆబ్కారీ రాబడి సున్నా. పైగా నిషేధం కాపలాకు పోలీసుల జీతాలు.

ఇక గీత కార్మికుడి పరిస్థితి. చెట్టు తనది కాదు, కౌలుది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోకు బిగించి ఎక్కాలి. జారితే నడుం విరుగుతుంది. చట్టం అతనికి ఒక సందు వదిలింది: లొట్టికి లోపల సున్నం పూసి నీరా తియ్యి, బెల్లం వండుకో. వినడానికి బాగుంది. కానీ సున్నం పలచబడిందా, ఎండ ముదిరిందా, నీరా దానంతటదే పులుస్తుంది. పులిస్తే కల్లు. కల్లైతే కేసు. మనిషి ఏ తప్పూ చెయ్యకుండా చెట్టు మీద ఉండగానే లొట్టిలో నేరం తయారైపోతుంది. నగరంలో పెర్మిట్ తీసుకుని విదేశీ మద్యం తాగే దొరలకు లేని గొడవ ఇది.

ఈ జనం తరఫున లేచినవాడు గౌతు లచ్చన్న. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బారువలో, గీత కులంలో పుట్టినవాడు. ఖరిదాకు వలసొచ్చిన మా వాళ్ళ ఊళ్ళకు కూతవేటు. ఉప్పు సత్యాగ్రహం నుంచి జైళ్ళు చూసినవాడు, ఎన్.జి. రంగా శిష్యుడు, కృషికార్ లోక్ పార్టీ నాయకుడు. ‘సర్దార్’ అన్నది జనం పెట్టిన పేరు. గీత కార్మికుల చేత సత్యాగ్రహం చేయించాడు. అంటే గాంధీ పెట్టిన నిషేధం మీద గాంధీ నేర్పిన ఆయుధమే ఎత్తాడు. జైళ్ళు నిండాయి.

ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తి అనే ఐసీఎస్ పెద్దమనిషి కింద ఒక కమిటీ వేసింది. కమిటీ చూసింది, విన్నది, నిషేధం ఎత్తెయ్యమని రాసిచ్చింది. అక్కడితో ఒప్పేసుకుంటే కథ లేదు. లైసెన్సులు వచ్చేవి, ఖజానా నిండేది, ముసలాయన కుర్చీలో మరికొన్నేళ్ళు ఉండేవాడేమో. ఒప్పుకోలేదు. సొంత కమిటీ చెప్పిన మాటను సొంత ప్రభుత్వం పక్కన పెట్టింది.

ఇక్కడ ప్రకాశాన్ని తప్పు పట్టడం తేలిక. నేనూ పడతాను, కొంతవరకు. తుపాకీకి రొమ్ము చూపించినవాడికి చెట్టెక్కేవాడి కడుపు ఎందుకు కనబడలేదు? కనబడి ఉంటుంది. కానీ 1946లో ఆయన నడిపించిన నిషేధం అది. కాంగ్రెసు మద్దతు మీద నిలబడ్డ కుర్చీ అది. నిషేధం వదిలితే గాంధీని వదిలినట్టు, వదలకపోతే గీతవాణ్ణి వదిలినట్టు. ఎనభై దాటినవాడు కొత్త దారి తొక్కలేదు.

1954 నవంబరు 6. శాసనసభలో అవిశ్వాస తీర్మానం. కమ్యూనిస్టులు, లచ్చన్న మనుషులు, ప్రజా సోషలిస్టులు ఒక వైపు. వేరే ఏ విషయం మీదా ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినని జట్టు అది. ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా 69, అనుకూలంగా 68.

ఒక్క ఓటు. ఆంధ్ర కేసరి ప్రకాశం దిగిపోయాడు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది, గవర్నరు త్రివేది చేతికి రాజ్యం పోయింది. ఏడాది పైన నెల రోజులు నడిచిన ప్రభుత్వం అది.

గెలిచినవాళ్ళకు ఏం దక్కిందో చూస్తే బాధ ఇంకా పెరుగుతుంది. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో వచ్చినవి 15. కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసు వారితో ఐక్య కూటమి కట్టింది. ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి అయ్యారు. నిషేధం ఎక్కడున్నది అక్కడే ఉంది. ప్రభుత్వాన్ని పడగొట్టిన కాగితం గీతవాడి చేతికి రాలేదు. 1956లో తెలంగాణ కలిశాక ఒకే రాష్ట్రంలో ఒక పక్క లైసెన్సు దుకాణాలు, ఇంకో పక్క కేసులు. ప్రకాశం 1957 మే 20న కన్నుమూసింది హైదరాబాదులో, లైసెన్సు ఉన్న పక్కన. వేలు గడించినవాడు కటిక పేదగా పోయాడు.

కోస్తాలో నిషేధం ఎత్తేసింది 1969లో. లైసెన్సులు వచ్చాయి, వేలంపాటలతో పాటు. పాటలో పాడగలిగేది చెట్టెక్కేవాడు కాదు, డబ్బున్న కాంట్రాక్టరు. గీతవాళ్ళ సహకార సంఘాలు కొన్నిచోట్ల నిలబడ్డాయి, చాలాచోట్ల మోకు కట్టుకున్నవాడు కూలివాడిగానే మిగిలాడు. సారా కాంట్రాక్టర్లు ఎంత బలిశారంటే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని లేవాల్సి వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు. ఆ చట్టం మద్యం అంటే ఏమిటో చెబుతూ కల్లును మాత్రం పక్కకు తప్పించింది. ప్రకాశం పోయి అప్పటికి ముప్పై ఏడేళ్ళు దాటాయి. లచ్చన్నకు ఎనభై అయిదు. మాజీ మంత్రి, మాజీ ప్రతిపక్ష నేత, 1954లో తాను అడిగినదాన్ని ఇంకో ముఖ్యమంత్రి ఇంకో నిషేధం మధ్యలో ఇచ్చేయడం చూశాడు.