కీర్స్నీ తోట: కూలీల చర్చి, దొరల బడి

పోస్ట్ కొంచెం పొడుగుంటాది, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు చర్చి బృందాలు విమానమెక్కి ఆఫ్రికా పోతున్నాయి. జింబాబ్వేలో ముతారే దగ్గర 1992లో మొదలైన మెథడిస్టుల ఆఫ్రికా యూనివర్సిటీ చూసి వస్తున్నాయి. మంచిదే. కానీ నూట ఇరవై ఏళ్ళ కిందటే ఒక తెలుగు చర్చి ఆఫ్రికాకు తన మనిషిని పంపింది. యూనివర్సిటీ చూడ్డానికి కాదు, కూలీల దగ్గరికి.

1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పోయారు. ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళే. అందులో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్ళు చాలామంది. ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం తీరినాక మళ్ళీ కూలికి రాసివ్వకుండా, తిరిగి రాకుండా అక్కడే ఉంటామంటే, 1895 చట్టం ప్రకారం ఏటా 3 పౌండ్ల పన్ను. అంటే ఆ మొదటి జీతం లెక్కన ఆరు నెలల కష్టం.

డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ దగ్గర కీర్స్నీ టీ తోట. యజమాని లీజ్ హ్యూలెట్, మెథడిస్టు. తోట పనివాళ్ళలో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. వాళ్ళ కోసం ఇక్కడి తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సొసైటీ నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపింది. 1903లో ఆయన కుటుంబంతో నటాల్ చేరి, ఆ ఏడాది డిసెంబరులోనే కీర్స్నీలో తెలుగు సంఘం పెట్టారు. 1915లో అక్కడే చనిపోయారు.

పంపినవాళ్ళు ఎవరో గమనించండి. 1876-78 ధాత కరువు మన సీమతో పాటు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాన్నీ ఊడ్చేసింది. అప్పుడు ప్రాణం నిలుపుకోడానికి బకింగ్‌హాం కాలువ తవ్విన మాదిగ కూలీలు వేలల్లో ఆ చర్చిలో చేరారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాతికేళ్ళకు వాళ్ళ సంఘాలే సముద్రం అవతలికి మనిషిని పంపాయి. దానం తీసుకునేవాళ్ళుగా మిగిలిపోలేదు.

తర్వాత కథ వేరు. 1921లో హ్యూలెట్ బంగళాలోనే కీర్స్నీ కాలేజీ అనే మెథడిస్టు బడి మొదలైంది. అది తెల్ల మగపిల్లలకు. తోటలో ఆకు కోసిన కూలీల పిల్లలకు అందులో చోటు లేదు. ప్రార్థన చేసే దేవుడు ఒకడే, బడి గేటు మాత్రం వేరు.

ఇదంతా మనకెందుకంటే, వాన మొహం చాటేసిన ఏడు మన తండాల్లో ఇప్పటికీ ఇళ్ళకు తాళాలు పడతాయి. అమ్మానాన్నలు బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కడతారు, పిల్లల బడి మధ్యలో ఆగిపోతాది. కట్టిన చోట మన పిల్లలు చదవాలి కదా? అడగాల్సింది మనమే. ఈ వేసవిలో మీ తండాలో ఎంతమంది పిల్లలు బడి మానేసి వలస పోయారో లెక్క రాసి కింద పెట్టండి. హాస్టల్ సీట్ల కోసం అందరం కలిసి పోదాం.