ఊహ తెలిశాక దత్తత

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా! దత్తత విషయంలో ఒకప్పుడు అమెరికాలోనూ ఇదే భయం. పసిబిడ్డయితే సరే, ఊహ తెలిసిన పిల్లవాడు మనవాడవుతాడా అని.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ బోధించిన ఆల్ఫ్రెడ్ కదూషిన్ (1916–2014) ఈ భయాన్ని పరీక్షకు పెట్టారు. శిశు సంక్షేమ సేవలపై 1967లో పాఠ్యపుస్తకం రాసిన మనిషాయన.

కన్నవారింట నిర్లక్ష్యానికో హింసకో గురైతే కోర్టు బయటికి తెచ్చిన పిల్లలను, ఐదేళ్ళు నిండాక దత్తత తీసుకున్న 91 కుటుంబాలను ఆయన అధ్యయనం చేశారు. ఫలితాలు 1970లో పుస్తకంగా వచ్చాయి. ఎక్కువమంది తల్లిదండ్రులు సంతృప్తిగానే ఉన్నారు. పిల్లలు తమ గతాన్నిబట్టి ఊహించినదానికన్నా బాగా కుదురుకున్నారు.

ఎనిమిదేళ్ళ పిల్లవాడి ఫైలు మీద "ఆలస్యమైపోయింది" అని రాసేముందు, ఇక కలం కాసేపు ఆగాల్సిందే.