ఎడారిలోని మయసభ: లాస్ వేగస్ నగరవాసుల స్మృతులు

నగరముల చరిత్ర రెండు విధముల నిలిచియుండును. శాసనములందును, దస్తావేజులందును, కట్టడములందును నిలుచునది ఒకటి. అచట కాపురముండినవారి జ్ఞాపకములందు నిలుచునది మరియొకటి. తన కట్టడములను తానే కూల్చుకొను నగరమునకు ఈ రెండవదియే ప్రధానమగును. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున, మొహావీ ఎడారియందు వెలసిన లాస్ వేగస్ అట్టి నగరము. లోకమునకు అది జూదశాలల దీపకాంతి మాత్రమే. నీరున్నచోట నేలగను, నేలయున్నచోట నీరుగను తోచిన మయసభకు ఈ కాలపు ప్రతిరూపము. కాని ఎంతటి మయసభకైనను దీపములు వెలిగించువారు, నేల తుడుచువారు ఉండకతప్పదు. ఆ నగరపు విశ్వవిద్యాలయమున 2003లో నెలకొల్పబడిన మౌఖిక చరిత్ర పరిశోధన కేంద్రము అట్టివారి మాటలను కూడ భద్రపరచుచున్నది.

లాస్ వేగస్ అను స్పానిష్ పేరునకు పచ్చికబయళ్లని అర్థము. ఎడారి నడుమ ఊటలుండుటచేత ఆ పేరు కలిగినది. ఆ ఊటల చెంత తరతరములుగ నివసించినవారు దక్షిణ పాయూట్ జాతివారు. 1855లో మార్మన్ మతప్రచారకులు వచ్చి కోట కట్టిరి, రెండేండ్లకే విడిచిపోయిరి. 1905 మే 15వ తేదీన రైలు కంపెనీవారు స్థలములను వేలము వేయగా పట్టణము పుట్టినది. తమ నేలయందే పరాయివారైన పాయూట్లకు 1911లో మిగిలినది పది ఎకరములు. ఆ స్వల్పభూమిని కూడ హెలెన్ స్టూవర్టు అను భూస్వామిని వారి నిమిత్తమై ప్రభుత్వమునకు వ్రాసియిచ్చెను.

1930లో పట్టణ జనసంఖ్య 5,165. మరుసటి యేడు రెండు సంగతులు జరిగినవి: రాష్ట్రప్రభుత్వము జూదమును చట్టసమ్మతము గావించెను, సమీపమున కొలరాడో నదిపై హూవర్ ఆనకట్ట పని మొదలయ్యెను. ఆర్థికమాంద్యమున ఉపాధి కోల్పోయినవారు భార్యాబిడ్డలతో ఎడారికి తరలివచ్చి గుడారములందును, రేకుల కొట్టములందును తలదాచుకొనిరి. ఆనాటి కుటుంబముల స్మృతులందు జూదము కంటె ఎండయే హెచ్చుగ కనిపించును. తడిపిన దుప్పట్లు కప్పుకొని ఆరుబయట నిద్రించిన రాత్రులు, వేడిమికి తాళలేక మరణించినవారు, జీతమందిన దినమున ఊరిలో సందడి, ఇవియే వారి చరిత్ర.

1941లో నగరపు పొలిమేర దాటి లాస్ ఏంజిలిస్ పోవు రహదారి ప్రక్క ఎల్ రాంచో హోటలు వెలసెను, 1946లో ఫ్లమింగో. ఆ దారియే స్ట్రిప్ అని ప్రసిద్ధమైనది. అందు అధికభాగము నేటికిని నగరపాలనకు లోబడినది కాదు. నగరము తమను కలుపుకొని పన్ను వేయకుండ హోటళ్లవారు 1950లో అచట ప్రత్యేకప్రాంతము నేర్పరచుకొనిరి. ఆ కాలమున పెరిగినవారు చెప్పునది మాత్రము చిన్న ఊరి కథ. తలుపులకు తాళము వేయనక్కరలేకుండెను. ఎల్లరును ఎల్లరికి తెలియుదురు. తల్లి పగలు, తండ్రి రాత్రి పనికి పోవుదురు. ఇంటి వెనుకనే ఎడారి, అందు బల్లులను తరుముకొను పిల్లలు.

ఆ పిల్లలు మరియొకటియు చూచిరి. 1951 జనవరి నుండి నగరమునకు వాయవ్యముగ సుమారు వంద కిలోమీటర్ల దూరమున అణ్వస్త్ర పరీక్షలు ఆరంభమయ్యెను. తెల్లవారుజామున ఆకాశము తటాలున వెలుగుట, కొంతసేపటికి కిటికీలు గడగడలాడుట అనేకులకు బాల్యస్మృతి. హోటళ్లవారు దానినికూడ వినోదముగ మార్చిరి. 1962 వరకు బహిరంగముగ జరిగిన పరీక్షలు వంద. గాలివాటున ఆ ధూళి పడిన పల్లెలవారికి అది వినోదము కాలేదు. వ్యాధిగ్రస్తులకు పరిహారమిచ్చు చట్టము 1990లో గాని రాలేదు.

రైలుపట్టాలకు పడమట నున్న వెస్ట్‌సైడ్ వారి జ్ఞాపకములు వేరు. లూసియానాలోని టలూలా నుండియు, అర్కన్సాలోని ఫోర్డైస్ నుండియు బ్రతుకుతెరువు వెదకుచు వచ్చిన నల్లవారు అచట మురుగుకాలువలు, చదునైన వీధులు లేని ఇండ్ల నడుమ నివసించిరి. హోటళ్లలో పడకలు సర్దుటకు, పాత్రలు కడుగుటకు వారు కావలెను, అతిథులుగ అడుగిడరాదు. వేదికపై పాడి మెప్పించిన నల్లజాతి గాయకులు సైతము రాత్రికి వెస్ట్‌సైడ్ పూటయిండ్లకు చేరవలసియుండెను. 1955లో అన్ని వర్ణములవారికి తెరచిన మూలాన్ రూజ్ హోటలు ఆ యేడే మూతపడెను. 1960 మార్చిలో ఊరేగింపు జరుపుదుమని నల్లవారి సంఘనాయకుడు జేమ్స్ మెక్‌మిలన్ హెచ్చరింపగా, మూతపడిన ఆ హోటలులోనే సంధి కుదిరి, జూదశాలల ద్వారములు తెరువబడెను. మంచి ఉద్యోగములు దక్కుటకు 1971 నాటి న్యాయస్థానపు ఒడంబడిక వరకు వేచియుండవలసివచ్చెను.

1967, 1969 సంవత్సరముల చట్టములచే పెద్ద కంపెనీలు జూదశాలల యజమానులయ్యెను. అంతకుపూర్వము నేరగాండ్ల ముఠాల కాలమే మేలని, పనివానిని పేరుపెట్టి పలుకరించెడివారని వృద్ధులు కొందరు చెప్పుదురు. వారి మాట అబద్ధము కాదు. కాని ఆ ఆదరణ ఎవరి గడప వరకు వచ్చెనో వెస్ట్‌సైడ్ వారి మాట తెలుపును. తాళము వేయని తలుపును, తెరువని ద్వారమును ఒకే ఊరివి, ఒకే కాలమువి. ఒక జ్ఞాపకమును మాత్రమే విని వ్రాసినచో అది చరిత్ర గాక ముచ్చట మాత్రమే యగును.

ఈ స్మృతులకు ఆధారముగ చూపుటకు నేడు కట్టడములు మిగులలేదు. ఎల్ రాంచో 1960లో దగ్ధమయ్యెను. డ్యూన్స్ 1993లోను, సాండ్స్ 1996లోను, ట్రాపికానా 2024లోను ప్రేలుడు పదార్థములచే కూల్చబడెను. జనులు గుమిగూడి చూచిరి. ఊరికి పేరిచ్చిన ఊటలు అంతకు పూర్వమే, 1962 నాటికి ఇంకిపోయెను. 2020లో 6,41,903 మందికి చేరిన నగరము కొలరాడో నీటిపై ఆధారపడి జీవించుచు, అలంకారమునకై పెంచు పచ్చికను తొలగింపుమని 2021లో చట్టము తెచ్చుకొనవలసివచ్చెను. పచ్చికబయళ్లు అను పేరుగల ఊరున పచ్చికయే నిషిద్ధమైనది. తొలినాటి ఊటనీటిని త్రాగిన తరము దాదాపు గతించినది. వారి నోట వినబడినంత మాత్రము వ్రాతలో నిలిచినది; విననిది వారితోనే పోయినది.