కొత్త ఇంజను, పాత ఛాసిస్

తాండూరు నాపరాయి చూచుటకు పలుచని పలకయే గాని మోయుటకు తేలికైనది కాదు. ఆ సున్నపురాయి సాంద్రత నీటి సాంద్రతకు సుమారు 2.7 రెట్లు. ఒక చదరపు మీటరు వైశాల్యము, రెండున్నర సెంటీమీటర్ల మందము గల బండ దాదాపు 67 కిలోగ్రాములు తూగును. మూడు టన్నుల లారీ నిండుటకు 45 చదరపు మీటర్ల బండలు చాలును. అవి మూడు గదుల నేలకైనను పూర్తిగా సరిపోవునో లేదో. ఇంత బరువును గని నుండి రైలుకు, రైలు నుండి ఇంటికి చేర్చవలసిన అక్కర ఈ ప్రాంతమున బండ్ల చరిత్రకు మూలము.

1874లో వాడి నుండి సికిందరాబాదుకు వేసిన రైలుమార్గము మీదనే తాండూరు, వికారాబాదు రెండును ఉన్నవి. దూరప్రయాణమునకు రైలు వచ్చినను గని నుండి స్టేషను వరకు ఎడ్లబండియే గతి. మోటారు లారీ వచ్చి ఆ కొద్దిపాటి దూరమును ఆక్రమించుకొన్నది. మోటారును రైలుకు పోటీగా గాక తోడుగా నడపవచ్చునని నిజాము ప్రభుత్వము త్వరలోనే గ్రహించినది. 1930లో రైల్వేను తన చేతిలోనికి తీసికొన్న ప్రభుత్వము 1932 జూన్‌లో ఆ రైల్వేకు అనుబంధముగా రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఆల్బియన్ సంస్థ తయారు చేసినవి. వాటి రేడియేటరు నెత్తిన ఉదయించు సూర్యుని బొమ్మ ఉండెడిది. మన బస్సుల నంబర్లలో కనిపించు ‘జెడ్’ అక్షరము నిజాము తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టినదని చెప్పుకొందురు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవైనది. దేశమంతట బస్సులకు, లారీలకు వెనుకనో ప్రక్కనో ఒక ఇనుపపీపా అమర్చి అందులో బొగ్గు మండించిరి. చాలినంత గాలి అందక మండు బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది మండు వాయువు గనుక ఇంజనును నడుపును. కాని ఆ వాయువులో సగము వరకు మండని నత్రజనియే. అందువలన ఇంజను తన శక్తిలో మూడవ వంతుకు పైగా కోల్పోయెడిది. ఎత్తు రాగానే ప్రయాణికులు దిగి నడచిన కథలు ఆ తరమువారు ఊరూర చెప్పెడివారు. అనంతగిరి వంటి కొండదారిలో అట్టి బండి పాట్లు ఊహించుకొనవచ్చును. ఫ్యాక్టరీ పంపిన ఇంజనుకు వేరొక ఇంధనము, వేరొక అమరిక తగిలించి నడుపుకొనుట అప్పటికే మన మెకానిక్కులకు అలవాటైనది.

యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమునకు అక్కరలేని లారీలు వేలకొలది అమ్మకమునకు వచ్చినవి. వాటిని ‘డిస్పోజల్’ బండ్లు అనెడివారు. వాటిలో కెనడాలో చేసిన షెవ్రొలే, ఫోర్డు లారీలు పెక్కు. కుడివైపు స్టీరింగు ఉండుట వలన అవి మన రోడ్లకు తగినవి. ముక్కు చిన్నది, చక్రములు పెద్దవి. సైన్యపు రంగు మీద వేరొక రంగు పూసి, వెనుక చెక్కపెట్టె కట్టించి, వాటిని సరుకుల బండ్లుగా మార్చిరి. బొంబాయిలోని శివడీ వద్ద జనరల్ మోటార్స్ 1928 నుండి విడిభాగములు తెప్పించి షెవ్రొలే కార్లను, లారీలను బిగించి అమ్ముచుండెను. ఫోర్డు సంస్థయు దేశమున అదే పని చేయుచుండెను. కావున భాగములకు కొరత లేదు.

1953లో ప్రభుత్వ విధానము మారినది. బండిని ఇక్కడ బిగించుటతో సరిపెట్టక క్రమముగా ఇక్కడనే తయారుచేయు కార్యక్రమము గల సంస్థలే ఉండవలెనని నిర్ణయమైనది. 1954 నాటికి జనరల్ మోటార్స్, ఫోర్డు రెండును తమ పని ముగించుకొన్నవి. దేశీయ పరిశ్రమకు అది మేలే చేసినది. టాటా వారు మెర్సిడెస్ బెంజ్ సహకారముతో లారీలు చేయ మొదలిడినది ఆ 1954లోనే. కాని అప్పటికే రోడ్డు మీదనున్న అమెరికా బండికి పిస్టన్ అరిగిన కొత్తది ఎక్కడ దొరకును? చచ్చిన బండిని విప్పి బ్రతికిన బండికి పెట్టవలెను. హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి పాతసామానుల సంతలు, దరిమిలా విజయవాడలో వెలసిన ఆటోనగరు ఈ అవసరమును తీర్చిన తావులు.

ఆ కాలపు షెవ్రొలే ఇంజను కథ ప్రత్యేకముగా చెప్పదగినది. 216 ఘనపు అంగుళముల ఆరు సిలిండర్ల ఆ పెట్రోలు ఇంజనునే 1937 మొదలు 1953 వరకు లారీలకును, చిన్న పికప్ బండ్లకును వాడిరి. దానిలో కనెక్టింగు రాడ్డు అడుగున విడి బేరింగు ఉండదు. తగరము, ఆంటిమొని, రాగి కలిసిన తెల్లలోహమును కరిగించి నేరుగా రాడ్డులోనే పోసి, చల్లారిన తరువాత చేతితో గీకి కొలతకు తెత్తురు. ఈ లోహమును అమెరికావాసి ఐజాక్ బాబిట్ 1839లో కనిపెట్టెను. రాడ్డు క్రింది చిన్న గరిట నూనెలో మునిగి తనకు కావలసినంత చిమ్ముకొనును. మెల్లగా పోవు బండికి ఇది చక్కని ఏర్పాటు. వేగము పెంచినచో నూనె చాలక తెల్లలోహము కరగి జారిపోవును. నేడు అట్టి ఇంజనును యథాతథముగా నిలుపవలెనన్న, తెల్లలోహము పోసి గీకుట తెలిసిన చేయి కావలెను. అట్టి చేతులు అరుదైపోయినవి. విడిభాగము దొరకనిచో లేత్ మీద చేయించుకొనవచ్చును గాని, పోయిన నేర్పును ఏ బజారులోను కొనలేము.

ఆనాటి లారీ యజమానికి ఈ చింత లేదు. అతనికి కావలసినది తక్కువ ఖర్చుతో ఎక్కువ బరువు. కావున పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఎక్కించిరి. ఇంగ్లండులోని పెర్కిన్స్ సంస్థ 1930ల చివర తెచ్చిన ‘పి-6’ అను ఆరు సిలిండర్ల ఇంజను ఇందుకు ప్రసిద్ధమైనది. దాని శక్తి సుమారు 80 అశ్వశక్తి. 1950లలో మద్రాసు సింప్సన్ సంస్థ దానిని ఇక్కడనే తయారుచేయసాగినది. పెట్రోలు ఇంజను సిలిండరులోని వాయువును ఆరేడవ వంతుకు అదుమగా, డీజిలు పదునారవ వంతు వరకు అదుమును. ఆ ఒత్తిడికి గాలి కాగి, చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకయే అంటుకొనును. ఎక్కువ అదుముట వలన ఇంధనములోని వేడి ఎక్కువ భాగము పనిగా మారును.

ఇంజను మార్చుట ఎత్తి పెట్టినంత సులభము కాదు. మొదట ఇంజనుకు, పాత గేరుపెట్టెకు నడుమ ఒక ఇనుప పలక కోసి బిగింపవలెను. రెండింటి ఇరుసులు ఒకే గీతపై నుండవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను క్లచ్ వణకి గేరుపెట్టె బేరింగు తినివేయును. డీజిలు ఇంజను బరువు ఎక్కువ గనుక ముందు కమాను పట్టీలు పెంచవలెను. తరువాత వేగము లెక్క. చక్రము ఒక్క చుట్టులో 2.6 మీటర్లు పోవుననియు, వెనుక ఇరుసు నిష్పత్తి 6.2 అనియు అనుకొందురు గాక. నిమిషమునకు 3,300 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనుతో బండి గంటకు సుమారు 83 కిలోమీటర్లు పోవును. డీజిలు 2,400 చుట్లు మించదు. అదే బండి 60 దగ్గర ఆగిపోవును. క్రౌన్, పినియన్ మార్చి నిష్పత్తిని 5కు దించినచో వేగము 75కు పెరుగును గాని, ఎత్తు ఎక్కు బలము ఆ మేరకు తగ్గును. వికారాబాదు వైపు కొండ ఎక్కు లారీకి ఏది మేలో ఈ లెక్క చూచి విద్యార్థులే చెప్పవచ్చును.

బోల్టుల సంగతి మరియొక చిక్కు. ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో నిర్ణయించిన మరచుట్టు కోణము 55 డిగ్రీలు. అమెరికాలో సెల్లర్స్ 1864లో ప్రతిపాదించినది 60 డిగ్రీలు. అర అంగుళపు ఇంగ్లీషు బోల్టుకు అంగుళమునకు 12 చుట్లు, అమెరికా బోల్టుకు 13. ఒకదాని నట్టు మరొకదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టివేయును. తెలియనివాడు పానాతో బలముగా త్రిప్పినచో మర చెడును. బిగిసినట్లు కనిపించిన బోల్టు దారిలో ఊడును. యుద్ధమున ఈ భేదము వలన పడిన ఇబ్బందులు చాలని, 1948లో అమెరికా, బ్రిటను, కెనడాలు ఒకే కొలతకు ఒప్పుకొన్నవి. టాటా-మెర్సిడెస్ వెంట మిల్లీమీటర్ల మరలు వచ్చినవి. కెనడా ఛాసిస్, ఇంగ్లీషు వంశపు ఇంజను, జర్మను మాదిరి భాగము ఒకచోట చేరిన బండికి మూడు రకముల పానాలు కావలసివచ్చెడివి. మూడింటిని వేళ్లతోనే గుర్తుపట్టగల మేస్త్రీ విద్యను ఏ పాఠ్యపుస్తకమును లెక్కలోనికి తీసికొనలేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు బ్రేకు విషయములో జరుగుటకు వీలున్నది. పెట్రోలు ఇంజను గాలిని ఒక తలుపుతో అడ్డగించుట వలన లోపలి గొట్టములో పాక్షిక శూన్యము ఏర్పడును. కొన్ని బండ్లలో బ్రేకుకు తోడు బలమునిచ్చునది ఆ శూన్యమే. సామాన్యముగా డీజిలు ఇంజనుకు అట్టి అడ్డుతలుపు ఉండదు. ఇంజను మార్చి, శూన్యము పుట్టించు ప్రత్యేక పంపు పెట్టనిచో, పెడలు అదే చోట ఉండును, బలము మాత్రము ఉండదు. బరువుతో కలిసి 5 టన్నులున్న లారీ 100 మీటర్ల ఎత్తు దిగునప్పుడు విడుదలయగు శక్తి 49 లక్షల జౌళ్లు. ఇంజను అదుపు లేక అదంతయు బ్రేకు డ్రమ్ములలోనే వేడిగా మారినచో, 14 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి మరగించవచ్చును. కాగిన లైనింగు పట్టు వదలును. అందుకే పాత బండిని బాగుచేయువారు శక్తి పెంచుటకు ముందు ఆపుట సంగతి చూడవలెను. కాని జరుగునది తరచుగా తలక్రిందులే.

విద్యుత్తు మార్పు మాత్రము నిరపాయమైన లాభము. పాత అమెరికా బండ్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. 60 వాట్ల దీపములకు 6 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు, 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు చాలును. తీగలో నష్టము ప్రవాహపు వర్గముతో మారును గనుక నాలుగవ వంతుకు దిగును. డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టినచో ఇంజను మెల్లగా తిరుగునప్పుడును బ్యాటరీ నిండును.

ఇన్ని మార్పులైన తరువాత అది పాత బండియేనా? ఈ ప్రశ్నకు చట్టము తన సమాధానము చెప్పినది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనును. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన ‘వింటేజి’ వాహనములకు వేరుగా నమోదు కల్పించినది. ‘వి.ఎ.’ అక్షరములతో నంబరు, పదేండ్ల గడువు, 20,000 రూపాయల రుసుము. అయితే ఛాసిస్, పైతొడుగు, ఇంజను పెద్దగా మార్పులేక ఉండవలెను. పైగా ఆ నియమము ద్విచక్రములకు, కార్లకే వర్తించును. రాజుల కారు గరాజులో కదలక నిలిచి తన రూపము కాపాడుకొన్నది. రాళ్లు మోసిన లారీ పనిచేయుచుండుటకే ఇంజను మార్చుకొన్నది. కావున చరిత్రలో ఎక్కువ పాలు పంచుకొన్న బండికే చరిత్రవస్తువుగా చోటు కరవైనది. డిస్పోజల్ లారీలు చాలవరకు తుక్కుగా కరగినవి.

హైదరాబాదు ముషీరాబాదులోని బస్ భవన్ వద్ద ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి బాగుచేసి నిలిపినారు. దాని పేరు ‘దక్కన్ క్వీన్’, నంబరు హెచ్.వై.జెడ్. 223. వికారాబాదు, తాండూరు విద్యార్థులు రాజధానికి వెళ్లినప్పుడు దానిని చూడవచ్చును. చూచువారు ముందుగా రేడియేటరు దగ్గర నిలిచి, తరువాత వంగి క్రింద కమాను పట్టీలను, ఇరుసును, ఛాసిస్ కలుపులను పరికించుట మంచిది.