శాసనపాఠ సంకేతాలు – రంగుల నిర్వచనం: అనంతపురం శాసనాల నేపథ్యం

వ్యాససంగ్రహం: శిలపై కనిపించే అక్షరాన్ని, పరిష్కర్త పూరించిన అక్షరాన్ని వేరుచేసే ముద్రణసంకేతాల చరిత్రను, ఆ సంకేతాలను టెక్స్ట్ ఎడిటర్ రంగుల్లో చూపేలా నియమాలు రాసే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం శాసనాలు, దశబంధం, పాఠపరిష్కరణ, సింటాక్స్ హైలైటింగ్.

1. ప్రవేశిక

అనంతపురం కరవుసీమలో చెరువే ఊరికి ఆధారం. చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేసేవారికి ఇచ్చిన దశబంధ మాన్యాలను ఈ ప్రాంత శాసనాలు పేర్కొంటాయి. అటువంటి శాసనంలో భూమి కొలతనో, షరతునో తెలిపే అక్షరం శిథిలమైతే, అక్కడ చదివినదేది, ఊహించినదేది అన్న ప్రశ్న చరిత్రరచనకు కీలకమవుతుంది.

2. ముద్రిత సంకేతాలు

1890లో హుల్ట్జ్ సంపాదకత్వంలో ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ తొలి సంపుటి వెలువడింది. అనంతపురం ప్రాంత కన్నడ శాసనాలు 1939 నాటి తొమ్మిదవ సంపుటిలోను, విజయనగరకాలపు తెలుగు శాసనాలు 1972 నాటి పదహారవ సంపుటిలోను చోటుచేసుకున్నాయి. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంప్రదాయంలో చదరపు కుండలీకరణం సందిగ్ధ అక్షరాన్ని, అందులో నక్షత్రం చేరితే పరిష్కర్త పూరించిన అక్షరాన్ని, గుండ్రని కుండలీకరణం సవరణను సూచిస్తాయి. గ్రీకు, లాటిన్ శాసనాల కోసం 1931లో లైడెన్‌లో రూపొందిన పద్ధతి వేరు. అందులో చదరపు కుండలీకరణం లుప్తమైన భాగాన్ని, గుండ్రనిది సంక్షిప్తపద విస్తరణను తెలుపుతుంది. కనుక లైడెన్ పద్ధతికి రాసిన నిర్వచనాన్ని భారతీయ శాసనపాఠానికి యథాతథంగా వాడితే, సందిగ్ధంగానైనా శిలపై కనిపించే అక్షరం పూర్తిగా లుప్తమైనదిగా తోస్తుంది.

3. నిర్వచన రచన

ప్రోగ్రాములోని భాగాలను రంగులతో వేరుచేసి చూపడమే సింటాక్స్ హైలైటింగ్. 1998 నాటి విమ్ 5.0, 2004 నాటి టెక్స్ట్‌మేట్ వంటి ఎడిటర్లలో వాడుకరి తనకు కావలసిన నిర్వచనాన్ని తానే రాసుకోవచ్చు. ప్రతి నియమంలో ఒక నమూనా, దానికొక పేరు ఉంటాయి. ఆ పేరుకు రంగును విడిగా నిర్ణయిస్తారు.

ఉదాహరణకు ‘ద[శ]బం[ధ*]ము’ అన్న పాఠంలో ‘శ’ సందిగ్ధం, ‘ధ’ పూరణం. చదరపు కుండలీకరణాన్ని మాత్రమే గుర్తించే సాధారణ నియమం రెండింటికీ వర్తిస్తుంది. అందువల్ల టెక్స్ట్‌మేట్‌లో నక్షత్ర నియమాన్ని ముందు రాయాలి. విమ్‌లో చివర రాసినదానికే ప్రాధాన్యం కనుక దానిని తరువాత రాయాలి. ఈ క్రమం తప్పితే ఊహ శిలాక్షరంగా కనిపిస్తుంది.

లిపి మరో సమస్య. విమ్‌లో పదాక్షరాలను సూచించే సంకేతం రోమన్ అక్షరాలకు, అంకెలకు, అండర్‌స్కోర్‌కు పరిమితం. ‘దశబంధ’ వంటి పారిభాషిక పదాలను గుర్తించడానికి యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల పరిధిని నియమంలో పేర్కొనవచ్చు. 

4. ముగింపు

రంగు ప్రదర్శనకు సంబంధించినది. కుండలీకరణం పాఠంలో భాగం. రంగు వచ్చిందని సంకేతాన్ని తొలగిస్తే, ఫైలు మరో ఎడిటర్‌లో తెరిచిన వెంటనే పరిష్కర్త బాధ్యత కనుమరుగవుతుంది. శాసనపాఠంతోపాటు నిర్వచన ఫైలునూ భద్రపరచడం సముచితం. ఏ సంకేతాన్ని ఏ అర్థంలో గ్రహించారో తరువాతి పరిశోధకులు దాని ద్వారా సరిచూసుకోగలరు.